కంటికొలత మాస్టారు

మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉండేది గాని, దాన్ని అతను కొలతకి వాడగా చూసినవాళ్ళు లేరు. గిరాకీ గుమ్మం దాటి బల్ల దగ్గరికి వచ్చేలోపే భుజాలు, ఛాతీ, నడుము, చేతి పొడవు చూపుతోనే తీసేసుకుని, చెవి మీది పెన్సిలు దించి గుడ్డ మూల నాలుగు అంకెలు వేసేవాడు. కుట్టింది తొడుక్కుంటే అతికినట్టు సరిపోయేది. పాతికేళ్ళలో తిరిగొచ్చిన చొక్కాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే వీధిలో అందరూ అతన్ని కంటికొలత మాస్టారు అనేవారు. అసలు పేరు ఉత్తరాలు తెచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఈసారన్నా టేపు పెట్టవయ్యా మాస్టారూ, పొట్ట పెరిగింది," అన్నాడొకసారి బస్సు కండక్టరు. ఏడాదికి రెండు జతలు యూనిఫారం కుట్టించుకునే పాత గిరాకీ.

"మీకంటే ముందు అదే లోపలికొచ్చి చెప్పింది లెండి," అన్నాడు మాస్టారు తలెత్తకుండా.

ఇల్లంతా కలిపి రెండు గదులు. వీధి వైపు గది కొట్టు. అందులో మిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీపెట్టె, గోడకి నిలువెత్తు అద్దం. ఆ అద్దం గిరాకీలు చూసుకోవడానికని అందరూ అనుకునేవారు. కాస్త వంకరగా బిగించావేంటని అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు. మిషను దగ్గర కూర్చుని తలెత్తితే అందులో వెనక గది కనిపించేది. ఆ గదిలో కిటికీ పక్కన చక్రాల కుర్చీ, కుర్చీలో అతని కూతురు. కాలరుకి ఒకసారి, జేబుకి ఒకసారి, ఒక్కో చేతికి ఒకసారి తలెత్తేవాడు. చొక్కా ఎన్ని ముక్కలో అన్నిసార్లు కూతుర్ని చూసుకునేవాడు.

ఆ పిల్లకి పద్నాలుగేళ్ళు. పుట్టినప్పుడు ఏడవలేదు. ఆ కాసేపు ఊపిరి అందకపోవడమే ఇంత పని చేసిందని డాక్టర్లు చెప్పారు. చేతులూ కాళ్ళూ బిగుసుకుపోయి ఉండేవి. నడక లేదు, మాట రాలేదు. తల్లి ఒళ్ళో పడుకోబెట్టుకుంటే పిట్ట గుండెలా టకటకా కొట్టుకునేదట, అందుకని గువ్వ అని పిలిచింది. ఆ పేరే నిలిచింది. పిలిచిన తల్లి మాత్రం నిలవలేదు. గువ్వకి మూడేళ్ళప్పుడు నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

పోయేలోపు ఒక్కటి కనిపెట్టింది. పాలు కావాలా అని అడిగితే పిల్ల రెండు కళ్ళూ గట్టిగా మూసి తెరిచేది. "చూడు, అవునంటోంది!" అని కొట్టులోకి పరిగెత్తుకొచ్చి చెప్పింది. కత్తిరిస్తున్న గుడ్డ అలాగే వదిలేసి అతను వెళ్ళి, ఖాళీ గిన్నెతో పదిసార్లు అడిగి చూశాడు. పదిసార్లూ మూసింది. పదకొండోసారి ఏడ్చింది. "ఊరికే అడిగితే ఏడవదా మరి? పాలు పట్టుకురా," అని నవ్వింది తల్లి.

కళ్ళు మూస్తే అవును. అది తల్లి కనిపెట్టింది. తల ఎడమ పక్కకి తిప్పితే కాదు. ఇది ఆమె పోయాక మాస్టారు కనిపెట్టాడు.

ఆ రెండిటితోనే పదకొండేళ్ళు నడిచాయి. దుప్పటి కప్పనా? కళ్ళు మూసేది. టీలో ముంచిన బ్రెడ్డు? మూసేది. కిటికీ తీయనా? తల ఎడమ వైపు గోడకేసి తిప్పేసేది. సందులో పిల్లల గోల పడదు కాబోలని కిటికీ మూసే ఉంచేవాడు. కొత్త ఫ్రాకు కుట్టాల్సి వచ్చినప్పుడల్లా గుడ్డలు ఒక్కొక్కటే చూపించేవాడు. ఎర్రది చూపిస్తే తల తిప్పేది. నీలం చూపిస్తే నెమ్మదిగా కళ్ళు మూసేది. ఎంత ఓపిక మా అమ్మకి అనుకుంటూ నీలం కుట్టేవాడు. చేతులు పైకెత్తే పని లేకుండా భుజాల మీద ప్రెస్ బటన్లు పెట్టి, ఎదిగే పిల్ల కదా అని పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాలు గుడ్డ వదిలి కుట్టేవాడు. అన్నీ నీలమే.

తల్లి పోయిన నెలకి ఆమె ఫోటోకి ఫ్రేము కట్టించి తెచ్చాడు. గోడకి కొట్టబోతూ పిల్లకి చూపించాడు. ఒళ్ళంతా కర్రలా బిగిసిపోయింది, తల గిరుక్కున గోడకేసి తిరిగింది. పసిప్రాణం, తట్టుకోలేకపోతోందనుకున్నాడు. ఫోటోని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాడు. మళ్ళీ తీయలేదు. తనకి చూడాలనిపించినప్పుడు కూడా తీయలేదు.

"నోరు లేకపోయినా దాని మనసు నీకు అద్దంలో కనిపిస్తుందిరా," అనేది అతని అక్క. అవతలి వీధిలో ఉండే ఆ అక్క ఒక్కతే అతనికున్న చుట్టం. ఆ మాట అన్న పూట మాస్టారి మిషను కాస్త హుషారుగా తిరిగేది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు ఒకరోజు స్నానానికని గువ్వని కుర్చీలోంచి ఎత్తాడు. రోజూ ఎత్తేదే. బాత్‌రూం గడప దగ్గర నడుములో ఏదో పుటుక్కుమంది. కూతుర్ని కింద పడెయ్యకుండా తనే వెనక్కి పడ్డాడు. గువ్వ అతని ఛాతీ మీద పడింది. లేవలేక అలాగే ఉండిపోయారిద్దరూ. గంట తర్వాత కండక్టరు ప్యాంట్ల కోసం వచ్చి, కొట్టు తెరిచి ఉన్నా మాస్టారు లేకపోవడం వింతగా అనిపించి లోపలికి తొంగి చూశాడు.

"ఇక నీళ్ళబిందె కూడా ఎత్తకూడదు," అన్నాడు డాక్టరు. "ఎత్తితే నువ్వు కూడా కుర్చీలోనే."

నెలరోజులు అక్క వచ్చి గువ్వ పనులు చూసింది. ఆవిడకి అరవై దాటాయి. "నా మోకాళ్ళు నాకే బరువురా. నేనెన్నాళ్ళు చేస్తాను? నువ్వు పడితే దీన్ని ఎవరు లేపుతారు, నిన్నెవరు లేపుతారు?" అని రోజూ పోరింది. అతను చెవిన వేసుకోలేదు. చివరికి ఆవిడే వెళ్ళి ఎవరెవర్నో పట్టుకుని ఒక టీచర్ని తీసుకొచ్చింది.

ఇలాంటి పిల్లలు ఉండి చదువుకునే బడి ఒకటుందట, బస్సులో ఏడు గంటల దూరం. అక్కడి టీచరు ఈమె. పొట్టిగా, గట్టిగా ఉంది. మగవాళ్ళ చేతిగడియారం పెట్టుకుంది. బడిలో ఒక మంచం ఖాళీ అయిందని, సోమవారం పొద్దుటికల్లా మాట చెప్పకపోతే జాబితాలో తర్వాతి పిల్లకి ఇచ్చేస్తారని చెప్పింది. ఒక ఫోటో ఇచ్చింది. పొడుగాటి వరండా, బల్ల చుట్టూ అయిదారు చక్రాల కుర్చీలు. ఒక పిల్ల నుదుటికి కట్టిన పుల్లతో అక్షరాల పలక మీద పొడుస్తోంది. పక్క పిల్ల నోరంతా తెరిచి నవ్వుతోంది.

"పాపని అడగండి. నేను ఆదివారం వస్తాను," అని వెళ్ళింది.

ఆమె వీధి మలుపు తిరగకముందే మాస్టారు కూతురి ముందు నిలబడ్డాడు. అక్క గుమ్మంలో ఉంది.

"గువ్వా, నన్నొదిలేసి, ఇల్లొదిలేసి, అంత దూరం వెళ్ళి ఎవరెవరి మధ్యో ఉంటావా తల్లీ?" అని ఫోటో చూపించాడు.

గువ్వ ఒళ్ళు బిగిసింది. తల గోడకేసి తిరిగింది.

"చూశావా," అన్నాడు అక్కతో. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

అక్క పెదవి విరిచింది. "అలాగా అడిగేది? ఊబిలో దూకుతావా అన్నట్టు అడిగితే నేను కూడా తల తిప్పేస్తాను."

"ఎలా అడిగినా అదే చెబుతుంది. నాకు తెలీదా?"

ఆదివారం టీచరు వచ్చింది. రాననేసింది మేడమ్ అని మాస్టారు గుమ్మంలోనే చెప్పేశాడు. ఆమె సరేనంది గాని వెళ్ళిపోలేదు. లోపలికొచ్చి స్టూలు లాక్కుని గువ్వ ఎదురుగా కూర్చుంది. ముందు ఆ పిల్ల మొహమే చూసింది.

"ఉక్కగా ఉంది కదూ. కిటికీ తీద్దామా?"

గువ్వ తల గోడకేసి తిరిగింది.

"వద్దంటోంది," అన్నాడు మాస్టారు కొట్టులోంచి. "గోల పడదు దానికి."

టీచరు స్టూలు అటు జరుపుకుని, వంగి గువ్వ మొహంలోకి చూసింది. మళ్ళీ కిటికీ మాట ఎత్తింది. మళ్ళీ చూసింది. "మాస్టారూ, ఒకసారి ఇలా రండి. తల వైపు కాదు, కళ్ళు చూడండి."

అతను వచ్చాడు. తల ఎడమకి తిరిగి ఉంది. కళ్ళు మాత్రం కుడి మూలకి వచ్చి, తెల్లగుడ్డు అంతా కనపడేలా, కిటికీని పట్టుకుని ఉన్నాయి.

"మీ దగ్గర గుడ్డపీలికలు ఉంటాయిగా. రెండు రంగులవి తెండి."

చేతికందినవి తెచ్చాడు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. "దానికి నీలమంటే ప్రాణం," అన్నాడు ఇస్తూ. ఆమె అతన్ని కుర్చీ వెనక నిలబెట్టి, కూతురి తలని రెండు చేతుల్లో మెత్తగా పట్టుకోమంది, పక్కకి పోకుండా. కుర్చీకి ఎదురుగా బొట్టుపెట్టె అంత అద్దం ఒకటి గోడకి ఉంది. అందులో కూతురి మొహం అతనికి కనిపిస్తోంది.

టీచరు రెండు పీలికలూ రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుంది. "ఏది కావాలి?"

అరచేతుల్లో తల ఎడమకి లాగడం అతనికి తెలిసింది. ఇంత చిన్న మెడలో అంత బలం ఎక్కడుందో అనిపించింది. పట్టుకుని నిలిపాడు. గువ్వ కళ్ళు ఎర్రపీలిక మీదికి వెళ్ళి అక్కడే ఆగాయి. టీచరు చేతులు మార్చింది. కళ్ళూ మారాయి. మళ్ళీ మార్చింది. మూడోసారికి గువ్వ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అంతకుముందు ఆ శబ్దం అతను విన్నాడు. విన్నప్పుడల్లా కోపమనుకున్నాడు.

"కొందరు పిల్లలకి ఇలా జరుగుతుంది," అంది టీచరు. "ఏదన్నా బాగా కావాలనిపించిందంటే ఒళ్ళు బిగిసిపోయి మెడ పక్కకి లాగేస్తుంది. తను తిప్పడం కాదది, తిరిగిపోవడం. అంతగా అక్కర్లేనివాటికి ఒళ్ళు ఊరుకుంటుంది కాబట్టి తీరిగ్గా కళ్ళు మూసి అవునంటుంది."

"అంటే..." అన్నాడు మాస్టారు.

"నిజంగా వద్దన్నప్పుడు ఏం చేస్తుంది? చేదుమందు పట్టేటప్పుడు?"

అతను ఆలోచించాడు. "పైకప్పు చూస్తుంది. ఫ్యాను చూస్తోందనుకునేవాణ్ణి."

"అదే వద్దనడం." టీచరు లేచింది. పీలికలు రెండూ మడిచి అతని చేతిలో పెట్టింది. "పదకొండేళ్ళు పాపతో మాట్లాడింది మీరొక్కరే. ఇంకెవరూ ఈమాత్రం కూడా ప్రయత్నించలేదు. బడి సంగతి మళ్ళీ అడగండి. నేను అడగను, మీరే అడగండి. రేపు పొద్దున పది గంటలదాకా ఈ ఊళ్ళోనే ఉంటాను."

ఆమెని బస్టాండు దగ్గరి బస దాకా దింపడానికి అక్క వెళ్ళింది.

మాస్టారు కొట్టు తలుపు వేశాడు. పట్టపగలు ఆ తలుపు మూసి ఉండటం వీధికి కొత్త. కాసేపు మిషను ముందు కూర్చున్నాడు, తొక్కే పలక మీద కాలు పెట్టలేదు. తర్వాత వెనక గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు తోశాడు. తుప్పు పట్టి రాలేదు. నడుం నొప్పి మరిచిపోయి భుజంతో పొడిస్తే కిర్రుమని తెరుచుకున్నాయి. సందులో పిల్లలు బంతి కోసం పోట్లాడుకుంటున్నారు. గువ్వ గొంతులోంచి ఆ శబ్దమే మళ్ళీ వచ్చింది.

ట్రంకుపెట్టె మంచం కింద నుంచి లాగాడు. ఫోటో చుట్టిన గుడ్డ మడతల దగ్గర పసుపురంగుకి తిరిగింది. విప్పాడు. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఫోటోని గువ్వ ఒళ్ళో ఆనించి, రెండు చెంపలూ పట్టుకున్నాడు.

"అమ్మ," అన్నాడు.

మెడ లాగింది. నిలిపాడు. గువ్వ కళ్ళు ఫోటో మీదికి దిగాయి. కదల్లేదు. సందులో బంతి దొరికింది, ఆట మళ్ళీ మొదలైంది, ఆట అయిపోయి పిల్లలు వెళ్ళిపోయారు. అతని చేతులు నొప్పి పుట్టాయి. ఆ కళ్ళు అక్కడే ఉన్నాయి. మూడేళ్ళప్పుడు అడిగింది పద్నాలుగేళ్ళకి అందింది.

"నాకు తెలీలేదమ్మా," అన్నాడు.

అక్క వచ్చేలోపు అడగాలనుకున్నాడు. తల్లి ఫోటోని గోడకి ఆనించి, బడి ఫోటో తీసి ఎదురుగా పెట్టాడు. ఈసారి ఊబి మాట రానివ్వలేదు. కానీ ముందు అడిగింది మాత్రం బడి గురించి కాదు, ఇంటి గురించి.

"గువ్వా, ఇక్కడే ఉంటావా? నాన్న దగ్గర? అత్త వస్తుంది, ఎవర్నన్నా సాయం పెట్టుకుందాం."

గువ్వ అతనికేసి చూసింది. రెండు కళ్ళూ నెమ్మదిగా మూసి తెరిచింది. అవును.

అక్కడితో ఆపేయొచ్చు. అడిగాను, ఉంటానంది అని చెబితే అందులో అబద్ధం రవ్వంత లేదు. టీచరు పది గంటలకి వెళ్ళిపోతుంది. మంచం ఇంకో పిల్లకి వెళ్తుంది. అతను అలాగే కూర్చున్నాడు. పాలకి, దుప్పటికి, బ్రెడ్డుకి, నీలం గుడ్డకి మూసినట్టే మూసింది కళ్ళు. అంతే నెమ్మదిగా, అంతే ఓపికగా.

చేతులు మళ్ళీ చెంపలకి ఆనించాడు.

"మరి ఈ బడికి వెళ్తావా?"

అరచేతులు సిద్ధంగానే ఉన్నా మెడ విసురుకి ఎడమ చెయ్యి జారింది. కాళ్ళు కుర్చీ పలక మీద టపటప కొట్టుకున్నాయి. తల గోడకేసి ఉంది. అతను మోకాళ్ళ మీదే అటు జరిగి, వంగి చూశాడు. కళ్ళు ఫోటోలో నవ్వుతున్న పిల్ల మీద ఉన్నాయి.

అక్క తలుపు తట్టింది. తీయగానే ముందు గువ్వని, తర్వాత గోడకి ఆనించి ఉన్న మరదలి ఫోటోని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "అడిగావా?" అంది.

"అడిగాను."

"ఏమంది?"

"ఇక్కడ ఉండమంటే ఉంటానంది." అక్క మొహం వాడిపోవడం చూశాడు. టేపు మెళ్ళోంచి తీసి వేలికి చుట్టాడు, విప్పాడు. "అక్కడికి వెళ్ళాలని ఉందట. చాలా ఉందట. రేపు ఆ టీచరుగారికి చెప్పు. నేను చెప్పలేను."

"నువ్వే చెప్పాలిరా తమ్ముడూ," అంది అక్క మెల్లగా.

పొద్దున అతనే వెళ్ళి చెప్పాడు.

బడివాళ్ళ వ్యాను రావడానికి వారం పట్టింది. ఆ వారంలో బయటి బట్టలేవీ ముట్టుకోలేదు. ఎర్రగుడ్డ తెచ్చి, కత్తెర పట్టుకుని, ఎప్పట్లా అద్దంలోంచి ఒకసారి చూసి అంకెలు వేశాడు. ఆ అంకెలు కొట్టేశాడు. లేచి వెళ్ళి గువ్వ భుజానికి టేపు పెట్టాడు. ఛాతీకి, చేతులకి పెట్టాడు. తను వేసిన అంకెకి ఛాతీ దగ్గర రెండంగుళాలు ఎక్కువ వచ్చింది. అప్పుడప్పుడు కుట్లు విప్పి లోపలి గుడ్డ వదిలిన పుణ్యమా అని ఇన్నాళ్ళూ నీలం ఫ్రాకులు ఎలాగో పట్టాయి, అంతే. ఎంత బిగుతుగా ఉన్నా చెప్పుకోలేదు కదా.

"ఏంటి మాస్టారూ, ఇంత చిన్న ఫ్రాకుకి టేపా!" అన్నాడు యూనిఫారం కోసం వచ్చిన కండక్టరు.

"అది చిన్నదని ఎవరు చెప్పారండీ," అన్నాడు మాస్టారు. కండక్టరు నవ్వబోయి మానేశాడు. యూనిఫారం తొందరేం లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

ఎర్రవి రెండు కుట్టాడు. తన చేత్తో కుట్టిన ప్రతి చొక్కాకీ కాలరు లోపల కొట్టు పేరున్న చిన్న పట్టీ వేసేవాడు గాని, కూతురి బట్టలకి ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు కొత్తవాటికీ పాతవాటికీ అన్నిటికీ వేశాడు. తెల్ల పట్టీ మీద నల్లదారంతో, గొలుసుకుట్టుతో, చేతి సూదితో కుట్టిన అక్షరాలు. తొడిగేవాళ్ళకి మొట్టమొదట కనిపించేచోట:

తల తిప్పితే వద్దని కాదు. కళ్ళు చూడండి. పైకి చూస్తే వద్దని.

ఒక్కో పట్టీకి ఒక పూట పట్టింది. ఆరు ఫ్రాకులు.

వ్యానులో ఒక ఆయా వచ్చింది. బలమైన మనిషి, గువ్వని అవలీలగా ఎత్తి సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. ఎర్రఫ్రాకు భుజం సర్దుతూ పట్టీ చూసి, పెదవులు కదుపుతూ చదువుకుంది. "సరే నాన్నగారూ," అంది. తల్లి ఫోటో ఉన్న సంచీ గువ్వ కాళ్ళ దగ్గర పెట్టింది. అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

మాస్టారు కుడి వైపు కిటికీ దగ్గరున్నాడు. చెప్పాలనుకున్నవన్నీ పట్టీల మీదే అయిపోయాయి.

"వెళ్ళొస్తావా గువ్వా?" అన్నాడు.

గువ్వ ఒళ్ళు బిగిసింది. తల అతనికి అవతలి పక్కకి, ఎడమ కిటికీ వైపు తిరిగిపోయింది. ఆ కిటికీలో రోడ్డు కనిపిస్తోంది. కళ్ళు ఎటున్నాయో ఇటునుంచి తెలియలేదు. చూద్దామని అతను నడుము పట్టుకుని వ్యాను వెనకనుంచి చుట్టి వచ్చాడు. వచ్చేలోపే అది కదిలింది.

ఆ కళ్ళు రోడ్డు మీదున్నాయో, తన మీదున్నాయో. వ్యాను మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

"ఏమందిరా?" అని అడిగింది అక్క.

"తెలీదక్కా," అన్నాడు.